గుర్రుమన్న కుక్కని వెల్లకిలా పడెయ్యకండి

మూగజీవాలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలా భాగం ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో ఉన్న మనవాళ్ళవే. ఊళ్ళు వేరు, కుక్కల జాతులు వేరు, అడిగింది మాత్రం దాదాపు ఒకటే: మాట వినని కుక్కని లొంగదీయడం ఎలా? అందుకే ఈసారి మిగతావన్నీ వచ్చే నెలకి ఉంచి, చోటంతా వీటికే ఇస్తున్నాను.

ప్రశ్న: డాక్టరుగారికి నమస్కారం. మాది బరంపురం, మావారిది పట్టుచీరల వ్యాపారం. మా ఇంట్లో పదకొండు నెలల మగ లాబ్రడార్ ఉంది. అది తింటున్నప్పుడు మా బాబు (ఎనిమిదేళ్ళు) దగ్గరకెళితే గుర్రుమనేది. మా మరిది ఒక ట్రైనర్‌ని తీసుకొచ్చాడు. ఇది ఆల్ఫా కుక్క, ఇంటికి తనే పెద్ద అనుకుంటోంది, దాన్ని లొంగదీయకపోతే రేపు మీ నెత్తినెక్కుతుంది అన్నారాయన. గుర్రుమన్నప్పుడల్లా వెల్లకిలా పడేసి, మెడ దగ్గర పట్టుకుని కదలకుండా నొక్కిపెట్టమన్నారు. ముళ్ళ కాలర్ వేశారు. మనం తిన్నాకే దానికి పెట్టాలని, గుమ్మం మనమే ముందు దాటాలని కూడా చెప్పారు. మూడు వారాల్లో గుర్రుమనడం మానేసింది, అమ్మయ్య అనుకున్నాం. పోయిన ఆదివారం మా బాబు గిన్నె పక్కన పడ్డ బంతి తీసుకోబోతే చప్పుడన్నది లేకుండా చెయ్యి కొరికేసింది. పన్ను దిగింది. ఇంకా గట్టిగా చెయ్యాలంటున్నారు ట్రైనర్. ఊరవతల వదిలేసి రమ్మంటున్నారు మా అత్తగారు. నాకు అదంటే ప్రాణం, బాబు గురించి భయం. ఏం చెయ్యమంటారు?
— ఒక తల్లి, బరంపురం

జవాబు: అమ్మా, ముందు బాబు సంగతి. ఉత్తరంలో నంబరు ఇచ్చారు కాబట్టి మీకు ఫోన్లో చెప్పాను, చదివేవాళ్ళందరి కోసం మళ్ళీ రాస్తున్నాను. కుక్క పన్ను దిగితే అక్కడికక్కడే కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం లాంటివేవీ పెట్టకూడదు. మన ఇంటి కుక్కే కదా, టీకాలు వేయించాం కదా అని ఊరుకోకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. రక్తం వచ్చిన గాయమైతే రేబిస్ టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (వెంటనే రక్షణ ఇచ్చే మందు) కూడా వెయ్యాల్సి రావచ్చు, అది అక్కడి డాక్టరు చూసి చెబుతారు. కుక్కని పది రోజులు కళ్ళముందు పెట్టుకుని గమనించాలి. ఊరవతల వదిలేస్తే గమనించేదెవరు? పైగా పెంపుడు జంతువుని ఆకలిదప్పులకి వదిలేసి రావడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. ఈ మాట మీ అత్తగారికి నెమ్మదిగా చెప్పండి, ఆవిడ భయమూ అర్థం చేసుకోదగిందే.

ఇక ట్రైనర్ సంగతి. కోపంగానే రాస్తున్నాను, ఏమనుకోవద్దు. మీ కుక్క కరిచింది దాన్ని సరిగ్గా లొంగదీయకపోవడం వల్ల కాదు, లొంగదీయబోయినందువల్ల. గుర్రుమనడం తప్పేమీ కాదమ్మా. ఇక్కడితో ఆగు, నాకు భయంగా ఉంది అని కుక్క నోరు తెరిచి చెప్పగలిగిన మర్యాదైన మాట అదొక్కటే. మొరిగే కుక్క కరవదని మనకో సామెత ఉంది కదా, దాన్ని నమ్ముకుని పిల్లల్ని వదలకూడదు గానీ, చెప్పి మరీ కరిచే కుక్క కంటే చెప్పకుండా కరిచే కుక్క ఎన్నో రెట్లు ప్రమాదం. గుర్రుమన్న ప్రతిసారీ వెల్లకిలా పడేస్తే అది నేర్చుకున్నదేమిటి? చెబితే దెబ్బ పడుతుందని. అందుకే చెప్పడం మానేసింది. గిన్నె దగ్గరున్న భయం మాత్రం పోలేదు, పైపెచ్చు బాబు దగ్గరకొస్తే నన్ను పడేస్తారు అన్న కొత్త భయం తోడయ్యింది. కుక్కర్ విజిల్ చికాకుగా ఉందని వెయిట్ చుట్టూ గుడ్డ కుక్కితే ఏమవుతుందో మీ ఇంట్లో అదే అయింది.

గుర్రుమనే ముందు కూడా అది చాలా చెప్పి ఉంటుంది, అవెలా ఉంటాయో మనకెవరూ చూపించరు. కుక్క తింటున్నప్పుడు ఎవరైనా దగ్గరకొస్తే మొదట తినే వేగం పెరుగుతుంది, నమలకుండా మింగేస్తుంది. తర్వాత తల గిన్నె మీదే ఉంచి కదలకుండా ఆగిపోతుంది. ఒక్క క్షణమే, కానీ ఒళ్ళంతా కర్రలా బిగుసుకుపోతుంది. తల తిప్పదు, కళ్ళు మాత్రం పక్కకి తిరిగి తెల్లగుడ్డు నెలవంకలా కనిపిస్తుంది. మూతి నాక్కోవడం, నిద్ర రాకపోయినా ఆవలించడం, చెవులు వెనక్కి అంటుకుపోవడం కూడా ఉంటాయి. ఆదివారం నాడు చప్పుడు లేదన్నారు గానీ, ఈ బిగుసుకుపోవడం ఉండే ఉంటుంది. ఎనిమిదేళ్ళ పిల్లాడికి బంతి తప్ప ఇంకేం కనిపిస్తుంది?

ఆల్ఫా అన్నమాట ఎక్కడినుంచి వచ్చిందో మీ మరిదికి కూడా చదివి వినిపించండి. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే పరిశోధకుడు స్విట్జర్లాండ్‌లోని బాసెల్ జూలో తోడేళ్ళని చూసి ఒక అధ్యయనం రాశారు. ఒకదానికొకటి సంబంధం లేని తోడేళ్ళని తెచ్చి ఒకే ఆవరణలో పెడితే, తప్పించుకుపోయే దారి లేక పోట్లాడుకున్నాయి, గెలిచినవి పెత్తనం చేశాయి. తోడేళ్ళ తీరే అంత అన్న అభిప్రాయం అక్కడ మొదలైంది. 1970లో డేవిడ్ మెక్ అనే అమెరికన్ శాస్త్రవేత్త రాసిన పుస్తకం దాన్ని ప్రపంచమంతా పాకించింది. ఆ మెక్‌గారే 1986 నుంచి ఏటా వేసవిలో కెనడా ఉత్తరాన ఎల్స్‌మియర్ ద్వీపానికి వెళ్ళి, అడవిలో స్వేచ్ఛగా తిరిగే తోడేళ్ళ మధ్య కూర్చుని చూశారు. గుంపంటే ఏమీ కాదు, ఒక తల్లి, ఒక తండ్రి, వాళ్ళ పిల్లలు. పెద్దరికం కోసం కుస్తీలు లేవు, పిల్లలు ఎదిగి వెళ్ళిపోయి తమ సంసారం తాము పెట్టుకుంటాయి. 1999లో ఆయన ఆ విషయం శాస్త్ర పత్రికలో రాశారు, ఆల్ఫా అన్నమాట అడవి తోడేళ్ళ కుటుంబానికి తగదని చెప్పారు, తన పాత పుస్తకం అచ్చు ఆపేయమని ప్రచురణకర్తల్ని ఏళ్ళ తరబడి అడిగారు. 2022కి గానీ ఆపలేదు. అంటే ప్రచారం చేసిన మనిషే వెనక్కి తీసుకున్న మాటని బరంపురంలో ఈనాటికీ డబ్బులు పుచ్చుకుని చెబుతున్నారు.

వెల్లకిలా పడేసే పద్ధతిదీ అదే కథ. న్యూయార్క్ రాష్ట్రంలో జర్మన్ షెపర్డ్ కుక్కల్ని పెంచే న్యూ స్కీట్ మఠం సన్యాసులు 1978లో దాన్ని బాగా ప్రచారంలోకి తెచ్చారు. 2002లో వాళ్ళే తమ పుస్తకం కొత్త ముద్రణలో దాన్ని తీసేశారు. మన కుక్క తోడేలు కూడా కాదు, మనిషి పక్కన బతకడం మొదలుపెట్టి వేల ఏళ్ళయింది. రెండు కుక్కల మధ్య ఒక ఎముక దగ్గరో చోటు దగ్గరో ఎవరు ముందన్న తేడా ఉంటుంది, శాస్త్రం దాన్ని కాదనదు. కానీ అది ఆ రెంటికీ ఆ వస్తువుకీ సంబంధించిన సంగతి. మీ కుక్క గిన్నె పోతుందని భయపడుతోంది, అంతే, మీ ఇంటి యజమాని కావాలని దానికి ఏ కోరికా లేదు. మనం ముందు తినడం, గుమ్మం ముందు దాటడం వల్ల నష్టమేమీ లేదు, ఉపయోగమూ లేదు.

లెక్కలు కావాలంటే అవీ ఉన్నాయి. 2009లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పశువైద్యులు, ప్రవర్తన సమస్యలతో తమ దగ్గరకొచ్చిన కుక్కల యజమానులు 140 మందిని అడిగారు: మీరు ఇదివరకు ఏ పద్ధతి వాడారు, దానికి కుక్క ఏం చేసింది అని. కొట్టడం, తన్నడం చేసినవాళ్ళలో 43 శాతం మందికి కుక్క ఎదురుతిరిగింది. వెల్లకిలా పడేసినవాళ్ళలో 31 శాతం, కళ్ళలోకి గుచ్చి చూసి భయపెట్టినవాళ్ళలో 30 శాతం మందికీ అదే జరిగింది. అవి అప్పటికే సమస్యలున్న కుక్కలు, నిజమే. కానీ ట్రైనర్‌ని పిలిచేది కూడా అలాంటి కుక్కలకే కదమ్మా.

ఇప్పుడు చెయ్యాల్సింది. ముళ్ళ కాలర్ ఈ రోజే తీసి అవతల పారెయ్యండి, బీరువాలో దాచొద్దు, మళ్ళీ ఎవరో ఒకరు తీసి వేస్తారు. తీశాక మెడ మీద జుట్టు వేళ్ళతో విడదీసి వెలుతురులో చూడండి, ఎర్రటి చుక్కలు, చిన్న పుళ్ళు ఉంటే మందు వేయించాలి. చెవులు కూడా చూపించండి. లాబ్రడార్ చెవులు వేలాడుతూ ఉంటాయి, మీ వైపు సముద్రపు గాలి తేమకి లోపల చీము పట్టడం మామూలు, చెవి పోటుతో ఉన్న కుక్కని మెడ దగ్గర నొక్కితే ఏమవుతుందో ఊహించుకోండి. తిండి వేరే గదిలో, తలుపు గడియ పెట్టి. గిన్నె ఖాళీ అయి, కుక్క బయటికొచ్చి, గిన్నె మీరు తీశాకే ఆ గదిలోకి బాబు. ఇందులో రాజీ లేదు. పెద్దవాళ్ళు లేకుండా వాళ్ళిద్దరినీ ఒక గదిలో ఉంచొద్దు, చుట్టాలొచ్చిన రోజు మరీ జాగ్రత్త.

ఆ తర్వాత నెమ్మదిగా నేర్పడం, అది కూడా మీరో మీవారో చెయ్యాలి, బాబు కాదు. కోడి ముక్కలు ఉప్పు, ఉల్లి, మసాలా లేకుండా ఉడికించి గోరంత ముక్కలు చేసుకోండి. అది తింటుండగా, బిగుసుకోనంత దూరంలో నిలబడి, అది పదడుగులైతే పదడుగులే, ఒక ముక్క గిన్నె వైపు విసిరి వెనక్కి వెళ్ళిపోండి. మళ్ళీ కాసేపటికి ఇంకొకటి. మనిషి దగ్గరకొస్తే గిన్నె పోదు, గిన్నెలోకి ఇంకా మంచిది వస్తుంది అని దానికి అర్థం కావాలి. మీ అడుగుల చప్పుడుకి తల ఎత్తి, ఒళ్ళు వదులుగా, తోక ఊపుతూ చూసిన రోజున ఒక అడుగు ముందుకి. మళ్ళీ బిగుసుకుంటే రెండడుగులు వెనక్కి. వారాలు పడుతుంది, తొందరపెడితే మొదటికొస్తుంది. చేత్తో గిన్నె లాక్కుని పరీక్ష పెట్టడం మాత్రం ఎప్పుడూ వద్దు. ఈలోగా బుట్టలా ఉండే చిక్కం మూతికి అలవాటు చెయ్యండి, లోపల ముక్క పెట్టి తనంతట తను మూతి దూర్చేలాగ. గుడ్డతో గట్టిగా బిగించేది వద్దు, నోరు తెరిచి రొప్పలేకపోతే మన ఎండలకి వడదెబ్బ తగులుతుంది. పన్ను దిగిన కేసు కాబట్టి ఇదంతా ప్రవర్తన తెలిసిన పశువైద్యుడి సలహాతోనే చెయ్యండి. దగ్గర్లో దొరక్కపోతే భువనేశ్వర్‌లోని పశువైద్య కళాశాలలో అడగండి.

ప్రశ్న: మా ఆల్సేషియన్ రాత్రిళ్ళు మేడ మీద మొరుగుతోంది, పక్కింటివాళ్ళతో గొడవలు. ఆన్‌లైన్‌లో మొరిగితే తనంతట తనే షాక్ ఇచ్చే కాలర్ చూశాం, తక్కువ కరెంటే, నొప్పి ఉండదని రాశారు. కొనొచ్చా?
— పర్లాకిమిడి నుంచి ఒక పాఠకుడు

జవాబు: వద్దండీ. నొప్పి లేకపోతే అది మొరగడం ఎందుకు మానుతుంది? పనిచేసేదే నొప్పి వల్ల. వీధిలో కుక్క కనిపించినప్పుడల్లా మెడకి షాక్ తగిలితే ఆ నొప్పికి కారణం వీధి కుక్కే అనుకుంటుంది, రేపు వాకింగ్‌లో మీద పడుతుంది. వేల్స్‌లో 2010లోనే వీటిని నిషేధించారు. ఇంగ్లండ్‌లో లింకన్ విశ్వవిద్యాలయం వాళ్ళు 63 కుక్కల మీద పోల్చి చూసి 2020లో ప్రచురించారు, పిలిస్తే రావడం నేర్పడానికి కూడా షాక్ కాలర్ వల్ల అదనంగా ఒరిగిందేమీ లేదు. మీరు ముందు చూడాల్సింది అది రాత్రంతా మేడ మీద ఒంటరిగా ఎందుకుందన్నది. ఇంట్లో మీ మధ్య పడుకోబెట్టండి, సాయంత్రం నది ఒడ్డు వైపు బాగా తిప్పి తీసుకురండి. సగం మొరుగుడు అక్కడే తగ్గుతుంది. కాలర్ ఖర్చూ మిగులుతుంది.

ప్రశ్న: నేను రిటైరైన ఉపాధ్యాయుణ్ణి. దండం దశగుణం భవేత్ అన్నారు పెద్దలు. మా తాతగారి కాలం నుంచి కుక్కల్ని ఒక దెబ్బ వేసి పెంచాం, బంగారంలా పడి ఉండేవి, ఒక్కటీ కరవలేదు. ఇప్పుడు ప్రతిదానికీ బిస్కెట్ అంటున్నారు. బిస్కెట్ చేతిలో లేనిరోజు అది వింటుందా? భయం లేని చోట క్రమశిక్షణ ఉంటుందా?
— రాయగడ

జవాబు: మాస్టారూ, నమస్కారం. మీ అనుభవాన్ని నేను కాదనను, కానీ ఆ రోజుల కుక్కల బతుకు వేరు. గొలుసు లేదు, గేటు లేదు. పిల్లాడు తోక లాగితే లేచి అరుగు దిగి వెళ్ళిపోయేది, దెబ్బ పడుతుందనిపిస్తే వీధి చివరి దాకా పరిగెత్తేది, ఆకలేస్తే తిరిగొచ్చేది. తప్పుకునే దారి ఉన్న జంతువుకి కరిచే అవసరం తక్కువ. ఇప్పుడు అదే కుక్కని రెండు గదుల వాటాలో, మూడడుగుల గొలుసుకి కట్టి కొడుతున్నాం.

బంగారంలా పడి ఉండడం గురించి ఒక విషయం చెప్పనివ్వండి. 1967లో అమెరికాలో మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ కుక్కల మీద చేసిన ప్రయోగాలు ప్రచురించారు. ఏం చేసినా ఆగని షాకులు తిన్న కుక్కలని ఆ తర్వాత సులువుగా గెంతి తప్పించుకోగలిగే చోట పెట్టినా, చాలావరకు గెంతలేదు. పడుకుని మూలుగుతూ భరించాయి. ఆ ప్రయోగం క్రూరమైనదే, ఈనాడు ఎవరూ చెయ్యనివ్వరు. కానీ అది చూపించింది మాత్రం మనం మరిచిపోకూడదు: కదలకుండా పడి ఉన్న కుక్క బుద్ధిగా ఉన్నట్టు కాదు, ఆశ వదిలేసుకుని కూడా ఉండొచ్చు. పోర్చుగల్‌లో 92 పెంపుడు కుక్కల మీద చేసి 2020లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. కాలర్ గుంజడం, గద్దించడం ఎక్కువగా ఉన్న శిక్షణాలయాల్లో క్లాసు అయ్యాక కుక్కల లాలాజలంలో కార్టిసోల్, అంటే టెన్షన్‌లో పెరిగే హార్మోను, పెరిగింది. మెచ్చుకుని, తినడానికిచ్చి నేర్పే చోట అలా పెరగలేదు.

బిస్కెట్ సంగతి మీకు నేను చెప్పాలా మాస్టారూ? పలక మీద అ, ఆ సరిగ్గా దిద్దిన పిల్లాణ్ణి శభాష్ అని మీరే ఎన్నివేల సార్లు భుజం తట్టి ఉంటారో. కుక్కకీ మొదట్లో ప్రతిసారీ ఇస్తాం, పని వచ్చాక నాలుగుసార్లకొకసారి, తర్వాత ఎప్పుడో ఒకప్పుడు, ఒక్కోసారి బిస్కెట్ బదులు గేటు తీసి బయటికి తీసుకెళ్ళడమే బహుమానం. హద్దులు లేకుండా పెంచమని నేను అనడం లేదు. మీద గెంతితే అటు తిరిగి నిలబడండి, నాలుగు కాళ్ళూ నేల మీద పెట్టాకే నిమరండి. చెప్పులు కొరుకుతుంటే చెప్పులు అందకుండా పెట్టి, కొరుక్కోవడానికి దాని వస్తువు దానికివ్వండి. రోజూ ఒకేలా, ఇంట్లో అందరూ ఒకేలా చెయ్యాలి. చాలా ఇళ్ళల్లో కుదరనిది ఇదే, తాతయ్య పళ్ళెంలోంచి పెడతారు, నాన్న అదే పనికి కొడతారు, కుక్కకి పిచ్చెక్కుతుంది.

ప్రశ్న: నేను గుణుపురంలో డిగ్రీ చదువుతున్నాను. పక్కింటి అంకుల్ ఆరు నెలల రాట్‌వైలర్‌ని ట్రైనింగ్‌కిచ్చారు. ట్రైనర్ రోజూ సాయంత్రం డాబా మీద చోక్ చైన్‌తో ముందుకాళ్ళు లేచేదాకా పైకి గుంజి, బెల్టుతో కొడుతున్నాడు. అరుపులు వినలేకపోతున్నాను. అంకుల్‌ని అడిగితే గార్డ్ డాగ్ కదమ్మా, గట్టిపడాలి అన్నారు. నేనేం చెయ్యగలను?
— ఒక విద్యార్థిని

జవాబు: తల్లీ, నువ్వు చూస్తున్నది ట్రైనింగ్ కాదు, మెడకి ఉరి. అలా గుంజితే గొంతు గొట్టం దెబ్బతింటుంది, ఆరు నెలల పిల్లకి మరీను. అంకుల్‌తో ఇంకొకసారి మాట్లాడు, ఈసారి మీ నాన్నగారినో అమ్మనో వెంట తీసుకెళ్ళు. జాలి గురించి కాకుండా ఆయన ఇంటి భద్రత గురించి మాట్లాడు: మనిషి చెయ్యి లేస్తే దెబ్బ పడుతుందని నేర్చుకున్న రాట్‌వైలర్ ఏడాదిన్నరకి నలభై కిలోలు దాటుతుంది, అప్పుడు దొంగకీ, చెయ్యి చాపిన మనవడికీ తేడా చూడదు. ట్రైనర్‌ని రెండు ప్రశ్నలు అడగమను. కుక్క సరిగ్గా చేస్తే మీరేం ఇస్తారు? తప్పు చేస్తే ఏం చేస్తారు? రెండోదానికి జవాబు చోక్ చైనో, బెల్టో, వెల్లకిలా పడెయ్యడమో అయితే మానిపించమను. బోర్డు కట్టుకున్న ప్రతివాళ్ళూ నేర్చుకుని వచ్చినవాళ్ళు కారు. ట్రైనింగ్ యజమాని కళ్ళెదుటే జరగాలి, నాలుగు వారాలు మాకొదిలెయ్యండి అనేవాళ్ళని నమ్మొద్దు.

మాట వినకపోతే చట్టం ఉంది. జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద కొట్టడం, తన్నడం, చిత్రహింస పెట్టడం నేరమే. జరిమానా మాత్రం మొదటిసారికి పది నుంచి యాభై రూపాయలు. దశాబ్దాల నాటి అంకె, ఇన్నేళ్ళుగా పెంచలేదు, ఇది మనందరికీ సిగ్గుచేటని నేను ఎక్కడైనా అంటాను. అయినా ఫిర్యాదు వృథా కాదు. పోలీసు ఒకసారి గేటు దగ్గరకొస్తే ఆ ట్రైనర్‌ని వీధిలో ఇంకెవరూ పిలవరు. మీ డాబా మీంచి కనిపించినంత వరకు తేదీ, సమయం తెలిసేలా వీడియో తీసి ఉంచు, కుక్క మెడ మీద గాయాలుంటే పశువైద్యశాల డాక్టరుకి చూపించి రాయించుకోమని అంకుల్‌కి చెప్పు. స్టేషన్‌కి ఒంటరిగా వెళ్ళొద్దు, రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకో. ఒడియాలో రాయడం ఇబ్బందైతే ఇంగ్లీషులో రాసినా తీసుకుంటారు. ట్రైనర్‌ని మానిపించాక ఆ పిల్లకి ఏం నేర్పాలో అంకుల్‌ని నాకు ఉత్తరం రాయమను, వచ్చే సంచికలోనే జవాబిస్తాను.